సవరణ: ఆ పని చేసింది జియా కాదు, పార్లమెంటు

పాకిస్తాన్ గురించి మొన్న పెట్టిన పోస్టులో, అహ్మదీలను (తమను ముస్లింలుగానే భావించుకునే ఒక మతశాఖవాళ్లను) ముస్లిమేతరులుగా ప్రకటించింది జనరల్ జియా ఉల్ హక్ అని ఉంది. దాన్ని ఇలా చదువుకోండి: 1974 సెప్టెంబరులో, జుల్ఫికర్ అలీ భుట్టో ప్రధానిగా ఉండగా, పార్లమెంటు రాజ్యాంగ రెండో సవరణతో ఆ పని చేసింది. జియా 1984 ఆర్డినెన్స్ ఇంకో మెట్టు ఎక్కింది. అహ్మదీ తాను ముస్లింనని చెప్పుకున్నా, తన ప్రార్థనాస్థలాన్ని మసీదన్నా మూడేళ్ల దాకా జైలు.

తేదీల తేడాయే కదా అని వదిలేసేది కాదిది. పాపమంతా సైనిక నియంత నెత్తిన రుద్దితే ఓట్లతో గెలిచినవాళ్లు చేతులు దులుపుకుంటారు. 1953లో పాకిస్తాన్ పంజాబ్‌లో అహ్మదీలకు వ్యతిరేకంగా జరిగిన అల్లర్లపై వేసిన మునీర్ విచారణ కమిషన్ ఉలేమాలను (ఇస్లాం మతపండితులను) పిలిచి ముస్లిం అంటే ఎవరని అడిగితే, ఏ ఇద్దరి జవాబూ కలవలేదు. పండితులకే తేలనిదాన్ని ఎంపీలు ఓటేసి తేల్చేశారు! అదీ, మీది ఏ మతమైనా రాజ్యానికి దాంతో పనిలేదని 1947 ఆగస్టు 11న జిన్నా చెప్పిన దేశంలో. 1979లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న అబ్దుస్ సలాం అహ్మదీయే. పాకిస్తాన్‌లోని రబ్వా పట్టణంలో ఆయన సమాధి రాతి మీద 'మొదటి ముస్లిం నోబెల్ గ్రహీత' అని ఉంటే, అందులోంచి 'ముస్లిం' ఒక్కటీ చెరిపేశారు.

పాస్‌పోర్టు ఫారంలో ముస్లింలు అహ్మదీ శాఖ స్థాపకుణ్ణి తిరస్కరిస్తూ పెట్టాల్సిన సంతకం గురించి ఆ పోస్టులో రాసిన భాగం అలాగే ఉంచాను.