పట్టా వెనకున్న పాత పుట కూడా కనిపించాలి

చెన్నై శివార్లలో స్థలం కొనే మనవాళ్లు ముందుగా అడిగేది ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్). ముప్పై ఏళ్ల ఈసీ సవ్యంగా ఉండి, పట్టా అమ్మేవారి పేరిటే ఉండి, బ్యాంకు కూడా అప్పిస్తానంటే ఇక దిగులు లేదనుకుంటారు. ఈ ధీమా మంచిది కాదు. ఈసీ రిజిస్టరైన దస్తావేజుల జాబితా మాత్రమే. మొదట అమ్మినవారికి ఆ భూమి ఎలా వచ్చిందో అందులో ఉండదు. పట్టా రెవెన్యూ పత్రమే తప్ప యాజమాన్య హక్కును తేల్చేది కాదని న్యాయస్థానాలు ఎన్నోసార్లు చెప్పాయి. కాబట్టి వెతుకులాట నేటి పట్టా దగ్గర ఆగకూడదు. భూములను కొలిచి శిస్తు కట్టినప్పుడు రాసిన పాత సెటిల్‌మెంట్ రిజిస్టర్ నుంచి ముందుకు చదువుకుంటూ రావాలి.

తమిళనాడులో ఇది మరీ అవసరం. 1979లో మొదలై 1987 దాకా సాగిన యూడీఆర్ (భూ రికార్డుల నవీకరణ) కార్యక్రమంలో గ్రామ రికార్డులన్నీ తిరగరాశారు, ఎకరాలను హెక్టార్లలోకి మార్చారు. నేటి కంప్యూటర్ పట్టాకు మూలం అదే. అప్పట్లో సర్వే నంబరులోని ఒక సబ్‌డివిజన్ పక్కవారి పేరిట పడి ఉంటే ఆ తప్పు యథాతథంగా తెర మీదికి వచ్చింది. సవరణ కోసం జనం నేటికీ అర్జీలు పట్టుకుని తిరుగుతున్నారు. తెలుగు కుటుంబాలకు ఇంకో చిక్కుంది. దస్తావేజులో ఇంటిపేరుతో ఉన్న తాతగారే పట్టాలో తండ్రి పేరు పొడి అక్షరంతో కనిపిస్తారు. ఆ ఇద్దరూ ఒకరేనని నిరూపించుకునే భారం వారసులదే.

పటాల విషయానికొద్దాం. ఎఫ్‌ఎంబీలో, అంటే పొలం కొలతల పుస్తకంలో, ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో నక్షా ఉంటుంది. హద్దు గీత పక్కన 250 అని ఉంటే చాలామంది అడుగులనుకుంటారు. పాత నక్షాల్లో అవి లింకులు. వంద లింకుల గొలుసు 66 అడుగులు, అంటే ఆ హద్దు 165 అడుగులే. మీటర్లలో గీసిన నేటి నక్షాలో అదే గీత సుమారు 50.3 ఉండాలి. లేదంటే మధ్యలో ఎప్పుడో హద్దు జరిగిందేమోనని అనుమానించాలి. ఏ దస్తావేజూ చెప్పని సంగతిని ఈ ఒక్క లెక్క బయటపెడుతుంది.

గ్రామ పటం ఇంకా పెద్ద నిజం చెబుతుంది. త్యాగరాయనగర్ 1920లలో లాంగ్ ట్యాంక్ అనే చెరువును పూడ్చిన నేలపై వెలిసింది. 1976లో కట్టిన వళ్లువర్ కోట్టం ఉన్నచోట ఒకప్పుడు నుంగంబాక్కం చెరువు. అవి ప్రభుత్వాలు తెలిసి చేసిన పనులు. శివార్లలో చెరువు పోరంబోకులో, వరద కాలువలో వేసిన ప్లాట్ల సంగతి కొనేవారికి తెలియదు. 2015 డిసెంబరు వరద చాలామందికి ఆ సంగతి ఇళ్లలోకి వచ్చి చెప్పింది. పాత గ్రామ పటం ముందే చూసి ఉంటే కొందరైనా వెనకడుగు వేసేవారు.

ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పట్టా, ఎఫ్‌ఎంబీ ఇంట్లోంచే చూసుకోగలగడం నిజంగా మేలే. అదే తెర మీద యూడీఆర్‌కు ముందటి రిజిస్టర్ పుటను కూడా స్కాన్ చేసి ఉచితంగా ఉంచాలి. టైపు చేసిన వివరాలు సరిపోవు. కొట్టివేతలు, పక్కన వేరే సిరాతో రాసిన ఉత్తర్వు నంబర్లు అసలు పుటలోనే కనిపిస్తాయి. ఆంధ్రలోని చుక్కల భూముల కథ తెలిసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. పట్టాదారు గడిలో పేరుకు బదులు పెట్టిన చుక్కల కోసం 2017లో ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది.

1953 దాకా కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు కిందే ఉన్నాయి. ఆనాటి రెవెన్యూ బోర్డు కాగితాలు ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. నెల్లూరు, చిత్తూరు రైతు తన పొలం చరిత్ర కోసం రైలెక్కి ఇంత దూరం రావలసిన పని ఉండకూడదు. ఆ తెలుగు జిల్లాల పుటల స్కానింగ్ ఖర్చును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే భరించి, ప్రతులను జిల్లా కేంద్రాల్లో అందుబాటులో ఉంచాలి.