పెళ్లి చేస్తే సర్దుకోదు

మా డిగ్రీ స్నేహితుల గ్రూపులో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. ‘ట్రాన్స్‌జెండర్ అనేది విదేశీ పిచ్చి, అదో మానసిక జబ్బు, చట్టం ఒప్పుకోదు, పెళ్లి చేస్తే కుదురుకుంటారు, ముసలి తల్లిదండ్రులకు చెప్పి వాళ్ల ప్రాణం తీయొద్దు’ అని. ఎవరు పంపారో గానీ అది కావలిలో మా అమ్మ ఫోన్‌కీ చేరింది. పుట్టినప్పుడు అందరూ మగపిల్లాడన్న మా చెల్లెలి సంగతి అమ్మ ఇప్పుడిప్పుడే అర్థం చేసుకుంటోంది. ఇది చదివి, చింతపండులో గింజలు తీస్తూ, “నా పెంపకంలోనే లోపముందేమో అబ్బయా” అంది.

విదేశీ పిచ్చా? తిక్కన మన నెల్లూరువాడే గదా. ఆయన భారతంలో బృహన్నల అర్జునుడి అజ్ఞాతవేషం, దాన్ని వదిలేద్దాం. ఆడపిల్లగా పుట్టి మగవాడిగా యుద్ధం చేసిన శిఖండి ఏ దేశం నుంచి దిగాడు? అమ్మకు శిఖండి పేరు చెప్పగానే సగం అర్థమైంది.

జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల జాబితాలో దీన్ని మానసిక రుగ్మతల్లోంచి తీసేసింది.

చట్టమంటారా, ఎవరి జెండర్ ఏమిటో చెప్పుకునే హక్కు వాళ్లదేనని 2014లోనే సుప్రీంకోర్టు తేల్చింది. 2025 జూన్‌లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఒంగోలులో మొదలైన కేసులోనే, ట్రాన్స్ మహిళ కూడా భర్త వేధింపులపై పాత ఐపీసీలోని 498ఏ సెక్షన్ కింద ఫిర్యాదు చేయొచ్చంది. ఆధారాల్లేవని ఆ కేసు కొట్టేసింది నిజమే, హక్కు మాత్రం ఉందని చెప్పింది.

నాకు ఒళ్లు మండేది పెళ్లి మాటకే. ఆ పెళ్లిలో ఇంకో మనిషి కూడా ఉంటుంది గదా! జాతకాలు కలిపి, కట్నం మాట్లాడి, ఏ పాపం ఎరుగని పిల్ల మెడలో తాళి కట్టిస్తారు. తర్వాత ఆ పిల్ల ఎవరికి చెప్పుకోవాలి? పుట్టింటివాళ్లు సర్దుకోమంటారు, అత్తింటివాళ్లు లోపం నీలోనే ఉందంటారు. మీ చెల్లెల్ని ఇస్తారా అలాంటి సంబంధానికి? మరి ఎవరి కూతురి గొంతు కోయమని ఈ సలహా? అమ్మ కూడా మొదట్లో కందుకూరు సంబంధమొకటి చూద్దామంది. “ఆ పిల్ల నీ కూతురైతే ఇస్తావామ్మా?” అన్నాను. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

చివరి మాటలో కొంత నిజముంది. పెద్దవాళ్లకు దెబ్బ తగులుతుంది. అమ్మ కొన్నాళ్లు సరిగా అన్నం తినలేదు. ఇప్పటికీ పాత పేరే నోటికొస్తుంది, వెంటనే నాలిక కరుచుకుంటుంది. అన్నీ ఒక్కసారే చెప్పేయకూడదని నేనూ ఒప్పుకుంటాను. కానీ దాచిపెడితే ఏ పెళ్లిలోనో బంధువుల నోట వింటారు, అది ఇంకా ఘోరం.

ఈ మెసేజ్ ఇక మా అమ్మకు పంపకండి. అడగాల్సింది ఉంటే నాకు ఫోన్ చేయండి, ఎంతసేపైనా చెప్తాను.