వైన్ టేస్టింగ్‌కి వెళ్తున్నారా? కాస్త చదువుకుని వెళ్లండి

వైనరీకి వెళ్తే వైన్ తాగి రావచ్చనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. గ్లాసు అడుగున రెండు గుక్కలు పోస్తారు, దాని గురించి మీరు పేరాగ్రాఫ్ చెప్పాలి. తాగడం అనేది మధ్యలో వచ్చే చిన్న విరామం, అంతే.

గ్లాసుని కాడ దగ్గరే పట్టుకోవాలి. పైన గుప్పిట పట్టారో, కౌంటర్ అవతలి మనిషి పైకి ఏమీ అనడు గానీ మీ పెంపకం మొత్తం అప్పుడే అంచనా కట్టేస్తాడు. తర్వాత గుండ్రంగా తిప్పాలి, అంచుల నుంచి చుక్కలు కన్నీళ్లలా జారుతుంటే "ఆహా" అనాలి. అది నాణ్యతకి గుర్తేం కాదు, ఆల్కహాల్ నీళ్లకంటే ముందు ఆవిరైపోయి తలతన్యతలో తేడా రావడం వల్ల జరిగే పని, ఆ సంగతి జేమ్స్ థామ్సన్ అనే శాస్త్రవేత్త 1855లోనే చెప్పేశాడు. అయినా అనాలి.

ఇక అసలు పరీక్ష వాసన. ద్రాక్షపళ్ల వాసన వస్తోందని మాత్రం పొరపాటున కూడా అనకండి, పరువు పోతుంది. తోలు, పొగాకు, తడిసిన రాయి, ఇలా ఏదైనా చెప్పండి. బాగా పాతబడ్డ రీస్లింగ్ అనే వైట్ వైన్‌లో పెట్రోల్ వాసన నిజంగానే వస్తుంది, బంకులో ముక్కు మూసుకునే పెద్దమనిషే ఇక్కడ అదే వాసనకి కళ్లు మూసుకుని తల ఊపుతాడు. మాటలు తట్టకపోతే టెన్షన్ పడక్కర్లేదు, కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్‌లో ఆన్ నోబుల్ అనే ఆవిడ 1980లలోనే వాసనలన్నిటినీ ఒక చక్రంలో అమర్చి పెట్టారు. అందులో తడిసిన కుక్క కూడా ఉంది!

2001లో ఫ్రెడెరిక్ బ్రోషే అనే పరిశోధకుడు ఫ్రాన్స్‌లోని బోర్డోలో వైన్ చదువుతున్న 54 మందికి వైట్ వైన్‌లోనే వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వాళ్లు రెడ్ వైన్‌కి వాడే మాటలతో దాన్ని వర్ణించారు. దీన్ని చెప్పుకుని నవ్వేవాళ్లున్నారు. నాకైతే ఆ విద్యార్థుల మీద గౌరవం పెరిగింది, లోపల సరుకు అదే అయినా వర్ణన మార్చేయడం అందరి వల్లా అవుతుందా?

నిపుణులు మింగరు, పక్కన పెట్టిన బకెట్‌లో ఉమ్మేస్తారు. వరసగా మింగుతూ పోయేవాడి వర్ణనలు గ్లాసు గ్లాసుకీ జోరందుకుంటాయి, కొనే సీసాల సంఖ్య కూడా. అందుకే ఆ బకెట్ ఎప్పుడూ చేతికి అందని చోట ఉంటుందేమోనని నా అనుమానం.

చివర్లో అన్నిటికంటే ఖరీదైన రెడ్ పోస్తారు. అందులో వగరు పుట్టించే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లని పట్టేసుకుని నోరంతా పిడచకట్టుకుపోతుంది. మీ మొహం చూసి ఆ కౌంటర్ మనిషి ఏమాత్రం తొణకడు. "ఇది ఇప్పుడు తాగేది కాదండీ, పదేళ్లు దాచాలి" అంటాడు. అంటే బాలేదని చెప్పడానికి కూడా మీరు పదేళ్లు ఆగాలన్నమాట.