వేలికి ముందే తెలుస్తుంది

హడావిడిగా మెసేజ్ కొడుతుంటాం. తప్పు అక్షరం పడిందని కళ్లు చూసేలోపే వేలు బ్యాక్‌స్పేస్ మీదకు పోతుంది. దానికెవరు చెప్పారు?

అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో గోర్డన్ లోగన్, మాథ్యూ క్రంప్ ఈ సంగతి తేల్చడానికి చేయి తిరిగిన టైపిస్టులతో చిన్న మోసం ఆడారు. 2010లో ఆ ఫలితాలు వచ్చాయి. సరిగ్గా కొట్టిన మాటలో అప్పుడప్పుడు కంప్యూటరే తప్పు దూర్చింది. నిజంగా తప్పు కొడితే కొన్నిసార్లు గుట్టుగా దిద్దేసింది. అడిగితే టైపిస్టులు చాలావరకు స్క్రీన్ మాటే నమ్మారు. చేయని తప్పు నెత్తినేసుకున్నారు, కంప్యూటర్ దిద్దిన మాటను తమ ఘనతగా చెప్పుకున్నారు. (మనుషులం కదా!) వేళ్లు మాత్రం మోసపోలేదు. నిజంగా తప్పు కొట్టాకే అవి నెమ్మదించాయి, దూర్చిన తప్పును పట్టించుకోలేదు.

అంటే తనిఖీ ఒకచోట కాదు, కనీసం రెండు చోట్ల జరుగుతోంది. ఒకటి చేతి కదలికను చూస్తుంది, ఇంకోటి వచ్చిన ఫలితాన్ని. మనం ‘నేను’ అనుకునేది ఈ రెండోదాన్నే.

తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి చూసినా ఇలాంటి చిత్రమే కనిపిస్తుంది. 1990ల మొదట్లో జర్మనీలో ఫాల్కెన్‌స్టైన్ బృందం, అమెరికాలో గెహ్రింగ్ బృందం విడివిడిగా మెదడులో ఒక సంకేతాన్ని గుర్తించాయి. తప్పు బటన్ నొక్కాక సెకనులో పదో వంతు లోపే, నుదుటి వెనక మధ్యభాగంలో అది ఎగసిపడుతుంది. కాసేపటికి ఇంకో తరంగం వస్తుంది. ‘అయ్యో, తప్పు చేశాను’ అని మనిషికి తెలియడంతో ముడిపడింది ఈ రెండోదే. తెలియకుండా జరిగిన తప్పుకు కూడా మొదటి సంకేతం వస్తుందని 2001లో ఒక ప్రయోగం చెప్పింది, తర్వాత వచ్చినవాటిలో కొన్ని మాత్రం దాంతో ఏకీభవించలేదు.

ఇక్కడే నాకు మన ఇళ్లలో, ఆఫీసుల్లో వినిపించే ‘చూసుకోవద్దా?’ అనే గద్దింపు గుర్తొస్తుంది. భయపెడితే తప్పులు తగ్గుతాయని దాని వెనక నమ్మకం. కానీ ఆందోళన ఎక్కువున్నవాళ్లలో, చేసిందే మళ్లీమళ్లీ చేసే ఓసీడీ ఉన్నవాళ్లలో ఆ మొదటి సంకేతం సగటున పెద్దగానే ఉంటుంది, తప్పులు మాత్రం అదే లెక్కన తగ్గవు. అలారం ఇప్పటికే గట్టిగా మోగుతుంటే పక్కన నిలబడి మనం కూడా అరవడం దేనికి? నా దృష్టిలో అది టెన్షన్ పెంచడమే.

నా ఫోన్‌లో ఇప్పుడు ఆటోకరెక్ట్ ఉంది. ‘వస్తున్నా’ అని కొట్టబోయి ఏదో కెలికేస్తాను, అది చక్కగా మార్చి చూపిస్తుంది. వేలు ఒక్క క్షణం తడబడుతుంది. నేను మాత్రం సరిగ్గానే కొట్టాననుకుని పంపేస్తాను.