రిపోర్టు బాగుంటే మాత్ర ఆపవచ్చా?

గుండెకు స్టెంటు వేయించుకుని, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్టరాల్) 62కు దిగిందన్న ధైర్యంతో, దాన్ని తగ్గించే స్టాటిన్ రకం మాత్ర అటోర్వాస్టాటిన్ మానేసిన విశ్రాంత ఉపాధ్యాయుడికీ, వైద్యురాలైన ఆయన మేనకోడలికీ మధ్య జరిగిన వాదం ఇది.

మామయ్య: కాగితం మీద 62 అని ఉన్నాక ఇంకా మాత్ర ఎందుకమ్మా? జ్వరం తగ్గాక కూడా పారాసిటమాల్ మింగుతామా?

మేనకోడలు: ఆ 62 మాత్ర వల్ల వచ్చిన అంకె మామయ్యా. ఒంట్లోని కొలెస్టరాల్‌లో ఎక్కువ భాగం శరీరం తయారుచేసుకున్నదే. స్టాటిన్ కాలేయంలో ఆ తయారీని తగ్గిస్తే, కాలేయం తన అవసరానికి రక్తంలోని ఎల్‌డీఎల్‌ను ఎక్కువగా లాక్కుంటుంది. మానేస్తే కొద్ది వారాల్లోనే అది మళ్లీ పాత స్థాయికి చేరుతుంది. పైగా మీలాంటివారికి 55 లోపే ఉండాలని కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది.

మామయ్య: పిక్కలు పట్టేసి మెట్లెక్కలేకపోతున్నాను. స్టాటిన్లతో కొందరికి షుగర్ వస్తుందని కూడా చదివాను. అది అబద్ధమా?

మేనకోడలు: కాదు. షుగర్ అంచున ఉన్నవారికి ఆ ముప్పు కొంత ఉంది.

మామయ్య: మరి ఆ మాట నాకు ముందే ఎందుకు చెప్పలేదు? రెండు నిమిషాల్లో చీటీ రాసి పంపించారు. ఏ జబ్బూ లేని పక్కింటి కుర్రాడికి ఎల్‌డీఎల్ 130 ఉందని ఇదే మాత్ర రాశారు.

మేనకోడలు: చెప్పకపోవడం తప్పే. బీపీ, షుగర్, పొగ అలవాటు, ఇంట్లో చిన్న వయసు గుండెపోట్లు ఏవీ లేకపోతే ఆ కుర్రాడికి ముందు తిండి, నడక సరిచేయాలి. మీ సంగతి వేరు. స్టెంటు ఇరుకైన ఒక్కచోటునే తెరిచింది, మిగతా రక్తనాళాల్లోని పూడిక అలాగే ఉంది. అప్పటికే గుండెజబ్బు ఉన్న 4,444 మందిని ఐదేళ్లకు పైగా గమనించిన స్కాండినేవియా పరిశోధన 1994లో వెలువడింది. అందులో సిమ్వాస్టాటిన్ అనే స్టాటిన్ వేసుకున్నవారిలో మరణాలు 30 శాతం తగ్గాయి. షుగర్ వస్తే అదుపు చేయగలం గాని, గుండెపోటులో చచ్చిన కండరాన్ని తిరిగి తేలేం.

మామయ్య: తిండి అన్నావు కనుక అడుగుతున్నాను, మీ అత్తయ్య నాకు గుడ్డులో పచ్చసొన తీసేసి పెడుతోంది.

మేనకోడలు: పచ్చసొన కంటే ముందు మానవలసినది సాయంత్రం బండి దగ్గర తినే మిరపకాయ బజ్జీ. దాన్ని వేయించే పామాయిల్‌లో దాదాపు సగం, ఎల్‌డీఎల్‌ను పెంచే సంతృప్త కొవ్వే.

మామయ్య: అది వారానికి ఒకసారే! మాత్ర గురించి చెప్పు, నా పిక్కల మాటేమిటి?

మేనకోడలు: కండరాలు దెబ్బతిన్నాయేమో చూపే సీకే రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయిద్దాం, థైరాయిడ్ మందగిస్తే కొలెస్టరాల్ పెరుగుతుంది, కండరాల నొప్పులూ వస్తాయి. అవి బాగుంటే మోతాదు తగ్గించి, పేగుల్లో కొలెస్టరాల్ పీల్చుకోవడాన్ని తగ్గించే ఎజెటిమైబ్ చేర్చవచ్చు, లేదా రోసువాస్టాటిన్ అనే మరో స్టాటిన్‌కు మారవచ్చు.

మామయ్య: పరీక్షలు చేయించుకుంటాను. మాత్ర సంగతి రిపోర్టు చూశాకే.

మేనకోడలు: ఆ రిపోర్టు చూసి నిర్ణయించవలసినది మీ గుండె డాక్టరుగారు. రేపే వెళ్దాం, నేనూ వస్తాను.