బెల్టు షాపు మూయలేని ఊరికి ఆరోగ్య కార్యక్రమం ఎందుకు?

పల్లెల్లో యువత ఆరోగ్యంపై ఏ సమీక్ష జరిగినా లెక్క మాత్రల దగ్గర మొదలై మాత్రల దగ్గరే ఆగిపోతుంది. ఐరన్ మాత్రలు ఎన్నొచ్చాయి, ఎన్ని పంచారు, రిజిస్టర్‌లో ఎన్ని టిక్కులు పడ్డాయి, అంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 60 శాతం, తెలంగాణలో దాదాపు 65 శాతం. వారానికోసారి బడిలో నీలం మాత్ర ఇచ్చే పథకం అప్పటికే ఏళ్ల తరబడి నడుస్తోంది. మాత్రలో లోపమేమీ లేదు. ఖాళీ కడుపుతో మింగితే తిప్పుతుంది, విరేచనం నల్లగా అయితే పిల్ల భయపడుతుంది, ఆ సంగతి ముందే కూర్చోబెట్టి చెప్పేవాళ్లు లేకపోతే రెండో వారం మాత్ర కిటికీలోంచి బయటికి పోతుంది.

ఆ కూర్చోబెట్టి చెప్పే పని కోసమే 2014 జనవరిలో కేంద్రం రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం తెచ్చింది. కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. పోషణ, మానసిక ఆరోగ్యం, మత్తు అలవాట్లు, హింస అన్నీ అందులో ఉన్నాయి, ఊరి పిల్లల్లోంచే కొందరిని ఎంచి తోటివాళ్లకు చెప్పించాలన్న ఆలోచనా ఉంది. కానీ అది 19 ఏళ్లతో సరి. ఇంటర్ తప్పో, డిగ్రీ మధ్యలో వదిలేసో ఊళ్లో తిరిగే ఇరవై రెండేళ్ల కుర్రాడి పేరు ఏ రిజిస్టర్‌లో ఉంది? గర్భిణి కోసం ఆశా కార్యకర్త ఇంటికొస్తుంది, పసిపిల్లల్ని అంగన్‌వాడీ పిలుస్తుంది. ఈ కుర్రాణ్ని పేరు పెట్టి పిలిచేది బెల్టు షాపువాడొక్కడే, అప్పు పెట్టి మరీ పిలుస్తాడు.

అదే సర్వేలో తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో మద్యం తాగేవాళ్లు 43 శాతం. తాగి బండెక్కి కాళ్లు విరగ్గొట్టుకునేవాడు, పాతికేళ్లకే కాలేయం పాడు చేసుకునేవాడు, ఆ ఇంట్లో పోపు డబ్బాలో డబ్బులు లేక గుడ్డు తినని చెల్లెలు... వీళ్లందరి కేసు ఒకటే. చెల్లెలికి మాత్ర ఇచ్చి, అన్న తాగే చోటు వైపు చూడకుండా పోయేది ఏం ఆరోగ్య కార్యక్రమం?

ఊరి జనం తమ ఆరోగ్యం తామే పట్టించుకుంటే ఏమవుతుందో తెలుగు నేలకు ఎవరూ వచ్చి నేర్పనక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఉంది. అక్కడి ఆడవాళ్లు రాత్రి బడికి వెళ్లింది అక్షరాలు నేర్చుకోవడానికి. వాచకంలో సారా వల్ల ఇల్లు కూలిన కథ వచ్చింది, అది తమ కథే కదా అనుకున్నారు, మాట్లాడుకున్నారు, రోసమ్మ లాంటివాళ్లు ముందుకొచ్చారు, సారా బండి ఊళ్లోకి రాకుండా అడ్డం పడ్డారు. 1992 నాటికి అది పక్క ఊళ్లకీ, జిల్లాలకీ అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. ఎన్టీఆర్ వచ్చాక 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. వాళ్లకు ఏ శాఖా టార్గెట్ ఇవ్వలేదు, పవర్ పాయింట్ చూపించలేదు. రోజూ ఒకచోట కూర్చునే వీలు దొరికింది, కూర్చున్నాక ఏదో ఒకటి చేయొచ్చన్న ధైర్యం వచ్చింది. నా దృష్టిలో యువత ఆరోగ్యానికి తెలుగునాట జరిగిన అతిపెద్ద సామాజిక కార్యక్రమం అదే, దాని మీద ఆ ముద్ర ఎవరూ వేయకపోయినా.

తర్వాత కథ తెలిసిందే. 1997లో ఆ సంపూర్ణ నిషేధం పోయింది, ఖజానా ఊపిరి పీల్చుకుంది. 2014లో చంద్రబాబు ముఖ్యమంత్రిగా పెట్టిన తొలి సంతకాల్లో బెల్టు షాపుల రద్దు ఒకటి. 2019లో జగన్ దశలవారీ మద్యనిషేధం అన్నారు. షాపు ఊళ్లోనే ఉంది. ఎక్సైజ్ ఆదాయం మీద బతికే ప్రభుత్వం చేతిలో తాళం పెట్టి, తలుపు ఎప్పుడు వేస్తారా అని చూస్తూ కూర్చున్నాం.

ఆ తాళం ఊరి చేతికే ఇవ్వొచ్చు, ఇది నేను కొత్తగా కనిపెట్టిందేం కాదు. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, అంటే గిరిజన ప్రాంతాల్లో, మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలంటుంది. పాడేరు కొండల్లో ఊరికి ఉండాల్సిన హక్కు కిందున్న అనకాపల్లి పల్లెకి ఎందుకు ఉండకూడదు? 73వ రాజ్యాంగ సవరణ 29 అంశాలు పంచాయతీలకు అప్పగించొచ్చంది, అందులో ఆరోగ్యం, పారిశుధ్యం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు కూడా ఉన్నాయి. మనవాళ్లు సర్పంచ్‌కి ఇచ్చిందల్లా వీధి దీపాల కరెంటు బిల్లు.

గ్రామసభ అంటే పెద్ద కులాల పెద్దమనుషులే కదా, షాపు మూస్తే నాటుసారా పొంగుతుంది కదా అంటారు. రెండూ నిజమే, నాటుసారా చావులు మనం చూడనివి కావు. కానీ దూబగుంటలో నడిపింది పెద్దమనుషులు కాదు, కూలికెళ్లే ఆడవాళ్లు. షాపు మూయాలన్న గ్రామసభ తీర్మానం వరకు డ్వాక్రా సంఘాల మహిళల ఓటు, 18-25 ఏళ్లవాళ్ల ఓటు లేనిదే చెల్లదని నిబంధన పెట్టండి. నాటుసారా సంగతంటారా, అది పోలీసు చేయాల్సిన పని, ఆ పని చేయించలేమని ఒప్పుకుని బెల్టు షాపును కాపాడుకుంటామనడం ఏం వాదన?

షాపు మూశాక కుర్రాళ్లు సాయంత్రం ఎక్కడికి పోవాలన్నది అసలు ప్రశ్న, దానికీ డబ్బు ఊరి చేతిలోనే ఉండాలి. తెలంగాణలో 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలన్నారు, చాలాచోట్ల ఊరికి దూరంగా దొరికిన జాగాలో బోర్డు పాతి ఫొటో తీసుకున్నారు. ఎక్కడ పెట్టాలో ఆడేవాళ్లనే అడిగుంటే వాలీబాల్ కోర్టు బడి వెనకే వచ్చేది, పక్కనే ఆడపిల్లలకు కబడ్డీ జాగా అడిగేవాళ్లు, ఊరి నర్సు ఏఎన్ఎం నెలకోసారి అక్కడికే వచ్చి హిమోగ్లోబిన్ చూసేది. ఇదంతా కోట్ల పథకం కాదు, ఒక పంచాయతీ తీర్మానం.

దీనికి కావలసింది రెండు రాష్ట్రాల పంచాయతీరాజ్ చట్టాల్లో ఒక్క సవరణ, పెసాలో ఉన్న ఆ వాక్యాన్ని మిగతా ఊళ్లకీ వర్తింపజేయడం. అసెంబ్లీలో ఆ బిల్లు ఓటింగుకు వస్తే ఏ పార్టీ ఎమ్మెల్యే చెయ్యెత్తుతాడో చూడాలనుంది.