పుస్తకాలు పంచేయకండి, అరువివ్వండి

అమెరికాలోని మన ఊరి తెలుగు సంఘం మొన్న జరిపిన ఉగాది సంబరాల్లో పంచాంగ శ్రవణం ముగిశాక, పిల్లల నృత్యాలకూ భోజనాలకూ నడుమ దొరికిన కాస్త వ్యవధిలో, కార్యవర్గం తరపున వేదిక మీద నుంచి ఒక ప్రకటన చేశారు. సంఘం గ్రంథాలయంలోని పుస్తకాలన్నీ హాలు బయట బల్లల మీద పెట్టామనీ, ఎవరికి కావలసినన్ని వారు ఉచితంగా తీసుకువెళ్ళవచ్చుననీ, మిగిలినవాటిని మర్నాడు రీసైక్లింగుకు పంపిస్తామనీ దాని సారాంశం. సభలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు సరికదా, కొందరు చప్పట్లు కూడా కొట్టారు. నేను బయటికి వెళ్ళి చూసేసరికి వంటల పుస్తకాలు, వ్రతకథలు, శతకాలు అయిపోయాయి. నవలలు మాత్రం దాదాపుగా పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఇద్దరు మిత్రుల సాయంతో వాటిని అట్టపెట్టెల్లో సర్ది మా గరాజ్‌లో దించుకున్నాను. ఆ చప్పట్లు నన్ను బాధపెట్టాయి కనుకనే ఈ వ్యాసం రాస్తున్నాను.

కార్యవర్గం వారి ఇబ్బంది నాకు తెలియనిది కాదు. స్టోరేజీకి నెలనెలా కట్టే అద్దె సభ్యత్వ రుసుముల్లోంచే రావాలి. ప్రతి కార్యక్రమానికీ ఆ పెట్టెలను మోసుకొచ్చి మళ్ళీ మోసుకుపోయేది ఉద్యోగాల మధ్య తీరిక చేసుకుని వచ్చే వాలంటీర్లే. పాత నవలలు చాలామటుకు పీడీఎఫ్‌లుగా దొరుకుతున్నాయన్న మాటలోనూ, పిల్లలు వాటిని ముట్టుకోరన్న మాటలోనూ నిజముంది. అయినా ఉచితంగా పంచిపెట్టడమూ అరువివ్వడమూ ఒకటేనన్నట్టు మాట్లాడడాన్ని నేను ఒప్పుకోలేను. ఊరికే వచ్చిన పుస్తకాన్ని ఎప్పుడో తీరికగా చదవవచ్చునని అలమరలో పెట్టేస్తాం. అరువు తెచ్చుకున్న పుస్తకానికి గడువుంటుంది, తిరిగి ఇచ్చేటప్పుడు ఎలా ఉందని అడిగే మనిషి ఒకరు ఎదురుగా ఉంటారు.

గత చలికాలం నుంచి నేను చదివిన నవలలన్నీ అలా అరువు తెచ్చుకున్నవే. కొన్ని మన సంఘం పెట్టెల్లోవి. అక్కడ దొరకనివాటిని మా కౌంటీ గ్రంథాలయం ద్వారా, గ్రంథాలయాలు ఒకదానికొకటి పుస్తకాలు అరువిచ్చుకునే ఇంటర్‌లైబ్రరీ లోన్ మీద విశ్వవిద్యాలయాల నుంచి తెప్పించుకున్నాను. ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో ఇన్ని తెలుగు పుస్తకాలు ఎలా చేరాయో మన పెద్దల్లో కొందరికి తెలిసే ఉంటుంది. పి.ఎల్. 480 అనే అమెరికా ఆహార సాయ పథకం కింద మన దేశానికి వచ్చిన అమెరికా గోధుమలకు మన ప్రభుత్వం రూపాయల్లో సొమ్ము చెల్లించింది. ఆ రూపాయల్లో కొన్నింటితో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962 నుంచి ఢిల్లీలో కార్యాలయం పెట్టి, భారతీయ భాషల పుస్తకాలు కొని ఇక్కడికి పంపించింది. మా ఇళ్ళల్లో ఆ గోధుమపిండి రొట్టెలు సరిగ్గా పొంగడం లేదని విసుక్కుంటున్న రోజుల్లో, మన రచయితల పుస్తకాలు సముద్రం దాటి వచ్చి ఇక్కడి బీరువాల్లో గట్టి అట్టలతో భద్రంగా చేరాయి. నాకు వచ్చిన ఒక ప్రతిలో, వెనుక అట్టకు అంటించిన గడువు కాగితం మీద ఒక్క తేదీ ముద్ర కూడా లేదు. కంప్యూటర్లు రాకముందు గడిచిన ఆ ఏళ్ళన్నిటిలో దాన్ని అడిగిన పాఠకుడు ఒక్కడూ లేడన్నమాట.

ఆ ప్రతి డాక్టర్ పి. శ్రీదేవి గారి ‘కాలాతీత వ్యక్తులు’. 1957-58లో ‘తెలుగు స్వతంత్ర’ వారపత్రికలో ధారావాహికగా వచ్చిన ఈ నవల పుటలను మా అమ్మ వారంవారం విడదీసి, దబ్బనంతో పురికొస వేసి కుట్టి, బియ్యం డబ్బా మీద దాచుకుంది. వీధిలో ఆడవాళ్ళందరూ ఆ కుట్టుప్రతినే చదివారు. ఎవరింట్లోనో చివరి పుటలు ఊడిపోయాయి. అందుకని మా అమ్మకు 1963లో వచ్చిన ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా ముగింపే నవల ముగింపుగా మిగిలిపోయింది. పుస్తకాన్ని అంత ప్రేమగా కుట్టుకున్న ఆ వీధిలోనే ఆడపిల్ల పగటిపూట నవల పట్టుకుని కూర్చుంటే పనిదొంగ అనేవారు. ఈ రెండూ నిజమే. మొదటిదాన్ని తలచుకుని మురిసిపోయి రెండోదాన్ని దాటేయడం నాకు న్యాయంగా తోచదు.

ఇన్నేళ్ళకు నవలను చివరిదాకా చదివాక ఇందిరను వదిలిపెట్టలేకపోయాను. విశాఖపట్నంలో ఒక అద్దె ఇల్లు, మేడమీద గదిలో వైద్యవిద్యార్థి ప్రకాశం, చదువుకోవడానికి వచ్చి ఆ ఇంట్లో చేరిన కల్యాణి, ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తున్న ఇందిర. మా తరానికి కల్యాణిని ఆదర్శంగా చూపించారు, ఇందిరను స్వార్థపరురాలని చెప్పి ఊరుకున్నారు. కానీ ఆ ఇంట్లో రేపటి బియ్యం ఎక్కడి నుంచి వస్తాయో ఆలోచించే మనిషి ఇందిర ఒక్కతే. తనకు ఏం కావాలో ఆమె దాచుకోదు, పొరబడినప్పుడు ఎవరినీ క్షమాపణ అడగదు. రచయిత్రి కూడా ఆమెను కష్టాలపాలు చేసి బుద్ధి చెప్పించే ప్రయత్నం చేయలేదు. అరవై ఏళ్ళు దాటినా మన సీరియళ్ళకు ఆ నిబ్బరం రాలేదు. ఇంటి పెద్దల ముందు నోరు పెగలని ప్రకాశం మీద నాకు వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు, ఎందుకంటే ఆదివారం ఉదయం ఇంటికి ఫోను చేసి, సాయంత్రానికి మాట మార్చే ప్రకాశాలను ఈ ఊళ్ళోనే చూశాను. కల్యాణి జీవితంలోకి డాక్టర్ చక్రవర్తి వచ్చిన తీరు మాత్రం మరీ సులువైపోయిందనిపించింది. అంత కష్టపడిన అమ్మాయికి రచయిత్రి మనసు కరిగి వరమిచ్చినట్టుంది. శ్రీదేవి గారు 1961లో, ముప్పై రెండేళ్ళయినా నిండకుండానే కన్నుమూశారు. ఆమె రాసిన నవల ఇదొక్కటే.

దాశరథి రంగాచార్య గారి ‘చిల్లర దేవుళ్లు’ మన పెట్టెల్లోదే. మాది గుంటూరు జిల్లాలో కాలువల కింది ఊరు. నిజాం నాటి తెలంగాణ పల్లెలోకి నన్ను తీసుకువెళ్ళినవాడు అందులోని సారంగపాణి. విజయవాడ నుంచి బతుకు వెతుక్కుంటూ వెళ్ళిన సంగీతం మనిషి. దొర గడీలో దాసీలుగా ఉంచిన ఆడబాపలు బతికే తీరు చదువుతూ రెండుసార్లు పుస్తకం మూసి లేచిపోయాను. అదే ప్రతిని తరవాత చదివిన వరంగల్ స్నేహితురాలు తిరిగి ఇస్తూ, “వదినా, నువ్వు సారంగపాణి కండ్లతోటి సదివినవ్. నేను మా నాయనమ్మ మాటలు ఇనుకుంట సదివిన” అంది. ఆ రోజు మా వంటింట్లో టీ చల్లారిపోయేదాకా మాట్లాడుకున్నాం. పల్లెజనం మాటలను రంగాచార్య గారు ఉన్నవున్నట్టుగా అచ్చులోకి ఎందుకు తెచ్చారో ఆమె చెబుతుంటే, మన సంక్రాంతి నాటికల్లో తెలంగాణ యాసను పనివాడి పాత్రకో, నవ్వించే పాత్రకో అంటగట్టడం ఎంత మోటుతనమో నాకు స్పష్టంగా తెలిసింది. పీడీఎఫ్ దింపుకుని ఎవరి గదిలో వాళ్ళం చదువుకుని ఉంటే ఈ సంభాషణ జరిగేది కాదు.

రావిశాస్త్రి గారి ‘అల్పజీవి’ గురించి ఒక్క మాట. సుబ్బయ్యకు ఆఫీసంటే భయం, బావమరిదంటే భయం, అప్పిచ్చినవాడంటే భయం. లేఆఫుల వార్తలు వచ్చిన ప్రతిసారీ గ్రీన్‌కార్డు తేదీలు చూసుకుంటూ నోరు కట్టుకుని కూర్చునే మన పిల్లలు ఈ నవల చదవాలని నాకు బలంగా ఉంది. తమ భయాన్ని ఇంత దగ్గరగా, ఇంత జాలితో చూసిన రచయిత తమ భాషలోనే ఉన్నాడని వారికి తెలియాలి.

బల్లల మీద మిగిలిపోయినవాటిలో చంద్రలత గారి ‘రేగడి విత్తులు’ కూడా ఉంది. అది 1997లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) బహుమతి పొందిన నవల. సేద్యం కోసం ఊరు వదిలిన కుటుంబాల కథకు, అమెరికాలో ఉన్న మనం పోటీ పెట్టి బహుమతి ఇచ్చుకున్నాం. బహుమతి ఇవ్వడానికి ముందుకు వచ్చిన సమాజం ఆ పుస్తకాన్ని రీసైక్లింగు డబ్బా అంచుదాకా తీసుకువెళ్ళడం నాకు మింగుడుపడడం లేదు. 1935లో గ్రంథాలయోద్యమ కార్యకర్త పాతూరి నాగభూషణం గారు మా వైపు కాలువ మీద, పెదవడ్లపూడికీ కొల్లూరుకూ నడుమ తిరిగే పడవలో పుస్తకాలు పెట్టి ప్రయాణికుల చేత చదివించారు. గ్రంథాలయానికి భవనం లేదని ఆయన ఆగలేదు. జనం ఎక్కడ కాసేపు ఖాళీగా కూర్చుంటారో చూసి, పుస్తకాలను అక్కడికే తీసుకువెళ్ళారు.

మనకూ అటువంటి చోటు ఉంది. ప్రతి వారాంతంలో పిల్లలకు తెలుగు నేర్పే మనబడి తరగతులు జరుగుతున్నంతసేపూ తల్లిదండ్రులు వరండాలోనూ కార్లలోనూ ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటున్నారు. పిల్లలకు గుణింతాలు నేర్పించమని దించి వెళ్ళే పెద్దలు, తాము తెలుగులో ఒక పుస్తకం చదువుతూ ఆ పిల్లల కంటపడడం మంచిది. అక్కడ ఒక బీరువా, మూడు వారాల గడువు, పేర్లు రాసుకునే పుస్తకం ఉంటే చాలు. స్టోరేజీ అద్దె భారం ఉండదు, పెట్టెలు మోసే శ్రమా ఉండదు. డిట్రాయిట్ తెలుగు సాహితీ సమితి వారు 1998 నుంచి పుస్తకాలను ముందుగా చదువుకుని వచ్చి కలిసి చర్చించుకుంటున్నారు. మనం అంత చేయలేకపోయినా, రెండు నెలలకు ఒకసారి, ఒకే నవల చదివిన నలుగురం ఒకరింట్లో కూర్చోగలం.

వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో ఈ ఒక్క అంశాన్ని చేర్చమనీ, అప్పటిదాకా పుస్తకాల విషయంలో ఏ నిర్ణయమూ తీసుకోవద్దనీ కార్యవర్గాన్ని వినయంగా కోరుతున్నాను. బీరువా నేను కొనిస్తాను. పుస్తకాల జాబితా ఇప్పటికే మొదలుపెట్టాను. వారాంతాల్లో బీరువా తెరిచి మూసే బాధ్యతకు నాతోపాటు మరో ఇద్దరు పేర్లు ఇచ్చారు, ఇంకెవరైనా ఉంటే నాకు చెప్పండి.